చదవని చివరి పేజీలు

ఈరోజు పొద్దున నేను చదవని పుస్తకానికి ముగింపు చెప్పాను. తడుముకోలేదు కూడా. చేతిలో టీ గ్లాసు ఉంది, పక్కన తోటి టీచర్లు ఉన్నారు, స్టాఫ్ రూమ్ గుమ్మంలో పదో తరగతి అమ్మాయి నిలబడి ఉంది. ఆమె అడిగింది, నేను చెప్పేశాను.

నేను కోరుట్లలో ఒక సర్కారు బడిలో ఇంగ్లిష్ చెప్తాను. ఇల్లు జగిత్యాలలో. రోజూ బస్సులో పోయి బస్సులో వస్తాను. బడిలో నాకు పుస్తకాలిచ్చే సారు అని పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం. ఎంత ఇష్టమో ఈరోజే తెలిసింది.

"సార్, ఒక్కటి అడుగాలె," అంది ఆ అమ్మాయి.

"అడుగు."

"గా బుక్కుల ఆ పిల్ల వాళ్ల బాపు ఆఖరుకు అస్తడా, రాడా?"

ఏ పుస్తకమో నాకు వెంటనే అర్థమైంది. ఉక్రెయిన్ నుంచి కెనడాకు వలస పోయిన ఒక కుటుంబం కథ. పెద్ద క్లాసుల పిల్లల కోసం రాసిన ఇంగ్లిష్ నవల. యుద్ధం మొదలయ్యాక ఒక తల్లి, పద్నాలుగేళ్ల కూతురు, చిన్న కొడుకు ఎక్కడో మంచు కురిసే ఊరికి చేరుకుంటారు. తండ్రి వెనకే ఉండిపోతాడు. అంతవరకు నాకు తెలుసు. అంతవరకే తెలుసు. వాళ్లు విమానం దిగి బయటికొచ్చి మొదటిసారి మంచు మీద అడుగు పెట్టే చోట నేను బస్సు టికెట్టు ఒకటి గుర్తుగా పెట్టి పుస్తకం మూశాను. మళ్లీ తెరవలేదు.

"అస్తడు బిడ్డా," అన్నాను. "ఆఖరుకు అందరు కలుస్తరు. మంచిగుంటది."

"నిజంగనా సార్?"

"సదివినోన్ని చెప్తున్న గద."

ఆ ఒక్క మాట అనకపోయినా బాగుండేది. పిల్లల పుస్తకాలు సాధారణంగా మంచిగానే ముగుస్తాయి, ఇదీ అట్లాగే ముగిసి ఉంటుందని ఊహించాను. ఊహించానని చెప్తే పోయేదేమీ లేదు. కానీ ఆ పుస్తకాన్ని ప్రార్థన సమయంలో చేత్తో పైకెత్తి చూపించి, ప్రతి ఒక్కరూ చదవాలని చెప్పినవాణ్ని నేనే. పక్కన లెక్కల మాస్టారు వింటున్నాడు. నోరు తనంతట తానే అబద్ధం ఆడింది.

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "అయితే నేనే గెలిచిన సార్!" అంది.

"ఏం గెలిచినవ్?"

"షర్త్ సార్. మా బాపుతోని."

వాళ్ల నాన్న మస్కట్‌లో పని చేస్తాడని నాకు తెలుసు. మా బడిలో సగం మంది పిల్లల నాన్నలు అటువైపే ఉంటారు. తెలియనిది మిగతా సంగతి. ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి గబగబా చెప్పింది.

శుక్రవారం అక్కడ సెలవు. గల్ఫ్ మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ శుక్రవారం సాయంత్రం ఫోను ఇంకెవరికీ దొరకదు. తిన్నవా, ఏం కూర, ఆరోగ్యం ఎట్లుంది, ఇంకేంది, ఆ మాటలు అయిపోయాక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఫోను పెట్టేయబుద్ధి కాదు, మాట్లాడడానికి మాట ఉండదు. అట్లాంటి ఒక శుక్రవారం ఆ అమ్మాయి తను చదువుతున్న పుస్తకం గురించి చెప్పిందట. నాన్న మరుసటి వారం తానే అడిగాడట, ఆ పిల్లకు బడి దొరికిందా అని. అప్పటి నుంచి వారానికొక అధ్యాయం. వారమంతా డిక్షనరీ పెట్టుకుని చదవడం, శుక్రవారం తెలుగులో చెప్పడం. మెల్లగా ఆయన గదిలో ఉండే మెట్‌పల్లివాళ్లు, మల్యాలవాళ్లు కూడా ఫోను చుట్టూ చేరారట.

"గందుకే లేటయింది సార్ బుక్కు ఇచ్చుడు," అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

అది వినగానే నాకు టీ చేదెక్కింది. ఎందుకంటే పోయిన వారం ఆ పుస్తకం ఆమె దగ్గరి నుంచి నేనే లాక్కున్నాను. క్లాసులో అందరి ముందు, "ఇంట్ల షోకేసుల పెట్టుకున్నవా? సదివేటోళ్లు ఇంకా ఉన్నరు," అన్నాను. పిల్లలు నవ్వారు. ఆమె మారు మాట్లాడకుండా మర్నాడు తెచ్చి ఇచ్చింది. ఇంకా కొన్ని పేజీలున్నాయని చెప్పలేదు. నేను అడగలేదు. ఆ ఆదివారమే సిరిసిల్లలో ఉండే మా అక్క బిడ్డకు ఇచ్చి వచ్చాను.

"పందెం ఏందో చెప్పలేదు," అన్నాను.

"మా బాపుకు రెండేండ్లు అయిపోయినయ్ సార్. మల్ల సంతకం పెడుతవా, లీవుల ఇంటికి పోతవా అని కంపెనీవాళ్లు అడుగుతున్నరు. రేపు చెప్పాలట. ఉంటనంటడు, అస్తనంటడు, ఏదీ సక్కగ చెప్తలేడు. గందుకని నేనే అన్న. గా పిల్ల వాళ్ల బాపు అస్తే నువ్వు గూడ రావాలె, రాకపోతే నీ ఇష్టం అని. సరే అన్నడు." కాస్త ఆగి, "నవ్వుకుంటనే అన్నడు గని, సరే అన్నడు," అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. నాకు తెలియదు బిడ్డా, నేను అంతా చదవలేదు అని నాలుగు మాటలు. ఇంతలో గంట కొట్టారు. ఆమె ప్రార్థన లైనులోకి ఉరికింది. లెక్కల మాస్టారు గ్లాసు కింద పెడుతూ, "నీ కథలతోని మస్కట్ నుంచి మనుషుల్ని దింపుతున్నవ్ కదనే," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ పుస్తకం నాకు జగిత్యాల పాత బస్టాండు దగ్గర పాత పుస్తకాలమ్మే చోట దొరికింది. గైడ్ల కట్టల మధ్య, అట్ట మీద తనకంటే పెద్ద కోటు తొడుక్కున్న అమ్మాయి బొమ్మతో. ఇంత దూరం ఎట్లా వచ్చిందో తెలియదు. మొదటి పేజీలు ఆసక్తిగా చదివాను. ఒక సంగతి నన్ను పట్టుకుంది. మన దగ్గర తండ్రి విమానం ఎక్కుతాడు, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. ఆ కథలో తండ్రి ఉన్నచోటే ఉన్నాడు, ఇల్లు విమానం ఎక్కింది. దీని గురించి క్లాసులో చెప్పాలి, పిల్లలతో రాయించాలి అనుకున్నాను. అనుకున్నాక ఆ పని అయిపోయినట్టే అనిపించింది నాకు. నాతో వచ్చిన చిక్కే అది. పుస్తకం గురించి నాలుగు మంచి మాటలు తయారయ్యేసరికి పుస్తకం పూర్తయినట్టు లెక్క వేసుకుంటాను. తర్వాత దాన్ని ఎవరి చేతిలోనో పెట్టి, చదువు, అద్భుతంగా ఉంటుంది అంటాను.

మూడు పీరియడ్లు పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. మధ్యలో మా అక్క బిడ్డకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మా అక్క వాళ్లింట్లో వెనక షెడ్డులో సాంచాలు ఉంటాయి. ఆ మరమగ్గాలు నడుస్తున్నంతసేపు ఆ ఇంట్లో ఫోను మోగినట్టు కూడా ఎవరికీ తెలియదు. ఈరోజు శుక్రవారమే, సాయంత్రం ఆ ఫోను కలవకముందే తేలాలని మధ్యాహ్నం సగం రోజు సెలవు పెట్టి బస్టాండుకు నడిచాను.

ఎందుకు పోతున్నానో నాకు నేను రెండు రకాలుగా చెప్పుకున్నాను. ముగింపు తెలుసుకుని ఆ అమ్మాయికి నిజం చెప్పాలని ఒకటి. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ తండ్రి నిజంగానే వచ్చి ఉంటాడేమో, అట్లయితే ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు కదా అని. జగిత్యాలలో బస్సు మారాను. కొండగట్టు దగ్గర నుదుటి నిండా సింధూరం పెట్టుకున్న జనం ఎక్కారు, వేములవాడకు పోయేవాళ్లు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఏదో మొక్కు గురించి చెప్తుంటే నేను లోపల ఒకటే మొక్కుకుంటున్నాను. ఆ ఉక్రెయిన్ మనిషి కెనడా చేరుకుని ఉండాలని.

సిరిసిల్లలో మా అక్క ముందు గదిలో కూర్చుని కండెలకు దారం చుట్టుకుంటోంది. నన్ను చూసి గట్టిగా అరిచింది. కోపంతో కాదు, ఆ ఇంట్లో అందరూ అట్లాగే మాట్లాడతారు.

"ఏంది తమ్మీ, గిట్ల ఫోన్ గీన్ లేకుంట అచ్చినవ్? అందరు మంచిగనే ఉన్నరా?"

"మంచిగనే ఉన్నరే అక్కా. మొన్న ఇచ్చిన పుస్తకం కోసం అచ్చిన."

"పుస్తకం కోసమా? గింత దూరం? బడి లేదా ఇయ్యాల? గా పుస్తకం నీ మేనకోడల్ని పాగల్ జేసింది. అన్నం గిన్నెల చెయ్యి పెట్టి పేజీలు తిప్పుతున్నది."

ఇంటర్ చదివే నా మేనకోడలు షెడ్డులో, సాంచాకు గోడకు మధ్య సందులో, నూలు బస్తా మీద కూర్చుని చదువుకుంటోంది. అంత మోతలో ఎట్లా చదువుతావని ఇదివరకు అడిగితే, ఇక్కడైతే ఎవరు పిలిచినా వినపడదు మామా అని చెప్పిన పిల్ల. పుస్తకం కావాలనగానే ఒళ్లో దాచుకుంది.

"నా వంతు మామా. సగం గూడ కాలె."

ఆమెను బయటికి తీసుకొచ్చి జరిగింది చెప్పాను. పూర్తిగా చెప్పాను. చెప్తుంటే ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"అంటే నువ్వు సదువలేదా? నాకిచ్చినప్పుడు ఏమన్నవ్? రాత్రంత కూసొని ఒక్క ఊపుల సదివిన అన్నవ్ గద!"

"అన్న."

"ఓ మామా!" అని తల కొట్టుకుంది. "అవ్వా, ఇన్నవా? సారు హోంవర్క్ చేయలేదట!"

మా అక్క కండె చుట్టడం ఆపకుండా, "చిన్నప్పుడు గూడ గంతే. నా నోట్సు చూసి రాసుకునేటోడు," అంది. ఆ మాటకు మేనకోడలు పడీ పడీ నవ్వింది. నవ్వాక పుస్తకం నా చేతిలో పెట్టింది. "సదువు. గని ఆఖరు నాకు చెప్పద్దు. ఒట్టు. ఆదివారం నాడు బుక్కు నా చేతుల ఉండాలె."

నూలు బస్తా మీద కూర్చుని చివరి రెండు అధ్యాయాలు చదివాను. అక్క పంపిన చాయ్ మీద మీగడ కట్టింది. ఎంతో మోత, కానీ కాసేపటికి అది నాకు వినపడడం మానేసింది.

తండ్రి రాడు.

రాలేడు అనడం సరైన మాట. యుద్ధంలో ఉన్న ఆ దేశం ఆ వయసు మగవాళ్లను సరిహద్దు దాటనివ్వదు. పుస్తకం అంతటా కూతురు ప్రతి ఫోనులోనూ ఎప్పుడొస్తావని అడుగుతూ ఉంటుందట. చివరి అధ్యాయంలో తండ్రి అంటాడు, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, వేరే ఏదైనా అడుగు అని. ఆ అమ్మాయికి ఏం అడగాలో తోచదు. అప్పటికి చలికాలం పోతూ ఉంటుంది. గడ్డకట్టిన నది పగలడం మొదలవుతుంది. ఆమె గట్టు దాకా నడిచిపోయి, ఏమీ అడగకుండా ఫోను నది వైపు పట్టుకుంటుంది. మంచు పలకలు ఒకదానికొకటి రాసుకుని చిట్లుతుంటాయి. అక్కడ, తన దేశంలో, తండ్రి చెవి దగ్గర ఫోను పెట్టుకుని వింటాడు. అంతే. పుస్తకం అక్కడ అయిపోతుంది.

నా మొక్కు చెల్లలేదు. అయినా ఆశ్చర్యంగా నాకు ముందు పేజీలన్నీ ఇప్పుడే చదవాలనిపించింది. ఆ నది దగ్గరికి ఆ అమ్మాయి ఎట్లా చేరుకుందో తెలియకుండా చివర మాత్రం తెలుసుకోవడం ఎవరింటి పెళ్లికో భోజనం వేళకు పోయినట్టుంది. బస్సుకు టైమైంది. పుస్తకం సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

కోరుట్ల చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఆ అమ్మాయి ఇల్లు అడుగుతూ పోయాను. వాళ్లమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని, బీడీల కోసం తునికాకు కత్తిరిస్తోంది. ఫోను ఒక స్టీలు డబ్బాకు ఆనించి ఉంది. అప్పుడే కాల్ కలిసినట్టుంది. నన్ను చూసి ఆమె లేవబోయింది.

"కూసోండ్రమ్మా. బిడ్డతోని ఒక మాట చెప్పాలె."

అమ్మాయి లోపలి నుంచి వచ్చింది. "సార్! బాపుకు ఇంక చెప్పలే. గిప్పుడే చెప్తున్న," అంది సంబరంగా.

"ఆగు బిడ్డా. నేను చెప్పిందే తప్పు."

ఫోనులో నుంచి గొంతు వచ్చింది. "ఎవలు బిడ్డా అచ్చింది?"

"మా సారు బాపు. బుక్కు ఇచ్చిన సారు."

"నమస్తే సార్! జెర ముందటికి రాండ్రి, కనబడ్తలేరు."

చాప అంచున కూర్చున్నాను. తెర మీద ఒక ఇరుకు గది, ఒకదాని మీద ఒకటి మంచాలు, మంచాల మీద నుంచి వేలాడుతున్న కాళ్లు, నాలుగైదు ముఖాలు. బస్సులో వస్తున్నంతసేపు ఎట్లా చెప్పాలో అనుకుంటూ వచ్చాను. ఏదీ గుర్తు రాలేదు.

"నేను ఆ పుస్తకం పూర్తిగ సదువలేదు," అన్నాను. "పొద్దున మీ బిడ్డ అడిగితే, సదివినోన్ని అని చెప్పుకుంట అబద్ధం చెప్పిన. ఆఖరుకు అందరు కలుస్తరన్న. మధ్యాన్నం సిరిసిల్లల మా అక్క బిడ్డ దగ్గరికి పోయి ఆఖరు సదివి అచ్చిన. గా పిల్ల వాళ్ల బాపు రాడు. ఇంకొక తప్పు. సదువుతున్న పిల్ల చేతులకెల్లి పుస్తకం గుంజుకున్నది గూడ నేనే. అందరి ముందట మాట గూడ అన్న."

నేను అమ్మాయి వైపు చూడలేకపోయాను. చూసినప్పుడు ఆమె నన్ను చూడడం లేదు, తెరలో వాళ్ల నాన్నను చూస్తోంది. ఏడుపు లేదు. పెదవి లోపలికి కరుచుకుంది.

మంచం మీద నుంచి ఒకాయన అన్నాడు, "సార్లు గూడ గింతేనా? మేమే అనుకున్నం."

గదిలో నవ్వు లేచింది. ఆ నవ్వులో తండ్రి కలవలేదు. "ఎందుకు రాడట సార్?" అని అడిగాడు.

"రానియ్యరు. లడాయి నడుస్తుంది గద. ఆ వయసు మొగోళ్లను దేశం దాటనియ్యరు."

"ఆఖరుకు ఫోను గూడ లేదా?"

ఉందని చెప్పి, నది సంగతి చెప్పాను. మంచు పగలడం, ఫోను అటు పట్టుకోవడం, ఆయన వినడం. చదివింది చదివినట్టు, నా సొంత మాటలేవీ కలపకుండా చెప్పాను. నేను సంచిలో నుంచి పుస్తకం తీయగానే అమ్మాయి అందుకుని ఆ పేజీ వెతుక్కుంది. పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. పక్కన వాళ్లమ్మ కత్తెర టకటకమంటూనే ఉంది.

"నాకు గంతే సార్," అన్నాడు తండ్రి. "ఫోన్ చేసినప్పుడల్లా గా కత్తెర ఇనబడ్తది. మాట్లాడుకుంట గూడ ఆపది. అది టకటకమంటుంటే ఇంట్ల కూసున్నట్టే ఉంటది నాకు."

"ఆపితే బీడీలు ఎవలు జేస్తరు, నువ్వు జేస్తవా?" అంది ఆమె తల ఎత్తకుండా.

అమ్మాయి పుస్తకంలో నుంచి తల ఎత్తింది. "అయితే నేను ఓడిపోయిన బాపూ," అంది. "నీ ఇష్టమే ఇగ."

ఆ గొంతు విని నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. పొద్దున నేను చేతిలో పెట్టిందే సాయంత్రం నేనే లాగేసుకున్నాను. తండ్రి చాలాసేపు తల గోక్కున్నాడు. వెనక ఎవరో ఏదో అనబోతే ఆగమని చెయ్యి చూపించాడు.

"గట్ల ఎట్లయితది బిడ్డా?" అన్నాడు చివరికి. "ఆయన రాలేడు. దాటితే పట్టుకుంటరు. నన్నెవలు పట్టుకున్నరు? నేను వద్దనుకుంటే రాను, రావాలనుకుంటే అస్త. ఆయనకు నాకు ఒక్క షర్త్ ఎట్ల గలుస్తది?"

"మరి నువ్వు సరే అన్నవ్ గద?"

"అన్న. అప్పుడు గింత దూరం ఆలోచన చేయలె." మళ్లీ తల గోక్కున్నాడు. "రెండేండ్ల నుంచి నన్ను పట్టుకున్నట్టే అనిపించింది గని, ఎవలు పట్టుకున్నరని నేనే అడుగలె. రేపు లీవు అడుగుత. సంతకం అచ్చినంక చూసుకుంట."

కత్తెర ఆగింది.

మస్కట్‌లో కూడా అది వినపడినట్టుంది. "ఏంది, సప్పుడు బందయింది?" అన్నాడు.

"ఆకు అయిపోయింది," అంది ఆమె. చాట నిండా ఆకు ఉంది. ఆమె దాన్ని అటూ ఇటూ సర్దుతూ ఉండిపోయింది.

చెప్పు, నిజంగ అస్తవా, ఒట్టెయ్ అని అమ్మాయి అడగలేదు. డబ్బాకు ఆనించిన ఫోను జారుతుంటే సరిచేసింది. సరిచేశాక కూడా చెయ్యి తీయలేదు.

నేను లేచి నిలబడ్డాను. నేను చెప్పాల్సింది అయింది, మిగిలింది వాళ్ల ఇంటి సంగతి. "ఇగ పోత," అన్నాను.

"ఎక్కడికి పోతరు సార్?" పై మంచం మనిషి మళ్లీ గొంతు లేపాడు. "మొదలు సదివినంటిరి, ఆఖరు సదివినంటిరి. నడుమది సదివిండ్రా?"

"లేదు."

"గిదేం సదువు సార్? అన్నం పెట్టుకొని, కూర ఇడిశిపెట్టి, సల్ల పోసుకొని లేచినట్టున్నది!"

"నడుమనే గదా కుక్క సంగతంత ఉన్నది," అన్నాడు ఇంకొకాయన. "నాయిన రాకపోతే రాకపాయె, కుక్క బతికున్నదా సార్?"

చివరి అధ్యాయంలో కుక్క ఉంది. తండ్రి ఫోను వింటున్నప్పుడు ఆయన కాళ్ల దగ్గర పడుకుని ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియలేదు. ఆ మాటే చెప్పాను, బతికే ఉంది, ఆయన దగ్గరే ఉంది, కానీ దాని కథ నాకు తెలియదు అని. గదిలో ఒక్కసారిగా గోల లేచింది. దొరికిందంట, నేను చెప్పలేదా, ఆ పక్కింటి ముసలామె మంచిదని నేను అన్నానా లేదా అని ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. ఆ ముసలామె ఎవరో కూడా నాకు తెలియదు.

"బిడ్డా, సారుకు నడుమది నువ్వు చెప్పు," అన్నాడు తండ్రి. "పాపం, మనకు ఇంత మంచి కథ ఇచ్చి ఆయన ఇనలేదు."

మందలింపో దయో తెలియలేదు. రెండూ ఉన్నట్టున్నాయి. నేను మళ్లీ చాప మీద కూర్చున్నాను.

"ఎక్కడి నుంచి చెప్పాలో," అని మొదలుపెట్టాను. నేను ఎక్కడ ఆగిపోయానో ఇప్పుడు నా నోటితో చెప్పాలి కదా అని గొంతు సవరించుకున్నాను. ఈలోగా అమ్మాయి పుస్తకం తెరిచి చాప మీద పెట్టింది. సరిగ్గా అక్కడే. అక్షరాలు వెలిసిపోయిన కోరుట్ల టు జగిత్యాల బస్సు టికెట్టు పేజీల మధ్య అట్లాగే ఉంది.

"నీకెట్ల ఎరుక?"

"మీ గుర్తు సార్. తీస్తే మీరు ఎతుక్కుంటరని తీయలె. మీ అక్క బిడ్డ గూడ తీయనట్టున్నది." కాస్త ఆగింది. "మీరు రెండోసారి సదువుతున్నరేమో అనుకున్న."

టికెట్టు తీసి జేబులో పెట్టుకున్నాను. "ఒక్కసారి గూడ సదువలేదు బిడ్డా. చెప్పు," అన్నాను.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. పుస్తకం వైపు చూడకుండానే చెప్తోంది. విమానం దిగాక ఆ తల్లి ఏ ఆఫీసుకు పోయినా కూతురే మాట్లాడాలట, తల్లికి ఆ భాష రాదు. డాక్టరు దగ్గర తల్లికి ఎక్కడ నొప్పో కూతురు అడిగి చెప్పాలట. అది చెప్పేటప్పుడు ఈ అమ్మాయి వాళ్లమ్మ వైపు చూసి నవ్వింది. బ్యాంకులో నువ్వూ అంతే అన్నట్టు. బీట్‌రూట్ వేసి ఎర్రగా పులుసు కాస్తారట, అది మన చింతపండు చారులాగా ఉంటుందా అని గదిలోవాళ్లు మూడు వారాలు కొట్లాడుకున్నారట. మంచు దేశంలో ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేస్తారని ఆ గదిలో వంట చేసిపెట్టే ఆయన అడిగాడట. దానికి జవాబు పుస్తకంలో దొరకక, ఆమె తానే ఏదో చెప్పిందట.

"ఏం చెప్పినవ్?"

"ఇంట్లనే ఆరేస్తరని. నిజమేనా సార్?"

"నాకు తెలువదు," అన్నాను. ఈసారి చెప్పడం సులువుగా ఉంది. "కనుక్కుందాం."

"కుక్క సంగతి మరిచినవ్ బిడ్డా," అని మస్కట్ నుంచి అరిచారు.

"అస్తున్న, ఆగుండ్రి. గది తర్వాత అస్తది."

నా ఫోను మోగింది. మేనకోడలు. పక్కకు పోయి ఎత్తాను. వెనక సాంచాల మోత లేదు, పని ఆపేసినట్టున్నారు. "మామా, చెప్పినవా?" అంది. చెప్పానన్నాను. "తిట్టిండ్రా?" నవ్విండ్రు అన్నాను. కొంచెం తటపటాయించి అడిగింది, "ఆఖరు చెప్పద్దన్న గని... కుక్క మంచిగనే ఉన్నదా?"

"ఆదివారం పుస్తకం తెస్త. నువ్వే సదువుకో," అన్నాను.

చివరి బస్సు ఎప్పుడో నాకు తెలుసు. దాని సంగతి తర్వాత చూసుకుందాం అనుకుని ఫోను జేబులో పెట్టి, చాప మీద ఇందాకటి చోట కూర్చున్నాను. కత్తెర మళ్లీ టకటకమంటోంది. ఆ అమ్మాయి నా కోసం కథ ఆపి కూర్చుంది.